గోడలు దాటిన గంట

మచిలీపట్నం పాతపేటలలో సున్నపు గార పూసిన మందపాటి గోడల ఇళ్ళు నేటికీ కనిపిస్తాయి. వీధి గదిలో వైఫై పెట్టె అమర్చిన అటువంటి ఇంటిలో, వసారాలో కూర్చున్న విద్యార్థికి పాఠం చకచకా తెర మీదికి వస్తుంది. నడిమింటి గోడ దాటి పెరటి గదికి చేరేసరికి అదే పాఠం మాటిమాటికీ ఆగిపోతుంది. గుడివాడ అపార్టుమెంటులో గోడలు పలుచనివే అయినా, ఇరుగుపొరుగుల పెట్టెల నుండి వెలువడే తరంగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకొంటాయి. దివిసీమ పల్లెలో ఉప్పుగాలికి తీగల కొసలు చిలుమెక్కుతాయి. లోపం ఎక్కడున్నా నింద మాత్రం ఇంటర్నెట్ ఇచ్చిన సంస్థ మీదికే పోతుంది. తరంగం బయలుదేరిన చోటు వేరు, నడిచిన దారి వేరు, చేరిన చోటు వేరు. ఈ మూడింటినీ విడదీసి పరిశీలించడం చాలామందికి అలవాటు లేదు. అదే పనిని నూట ముప్పై ఏళ్ళ క్రితం, ప్రయోగశాల అనదగినది లేని కళాశాలలో, ఇరుకు గదిలో నిలిచి చేసి చూపినవాడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్.

బోస్ 1858 నవంబరు 30వ తేదీన తూర్పు వంగదేశంలో, నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్‌లో జన్మించాడు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వోద్యోగి, బ్రహ్మసమాజానుయాయి. ఫరీద్‌పూర్‌లో డెప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న కాలంలో ఆయన తన కుమారుణ్ణి ఆంగ్ల పాఠశాలకు పంపక, మాతృభాషలో బోధించే సామాన్య పాఠశాలలో చేర్పించాడు. ఆనాటి ఉన్నతోద్యోగుల ఇళ్ళలో ఇది వింత. తరగతిలో బాలునికి ఒక ప్రక్క తండ్రి కొలువులోని ముస్లిం బంట్రోతు కుమారుడు, మరొక ప్రక్క జాలరి కుమారుడు. వారు చెప్పిన పక్షుల కథలు, జలచరాల కథలు అతనిలో ప్రకృతిని గమనించే ఆసక్తికి బీజం వేశాయి. బాలుణ్ణి పాఠశాలకు ఎత్తుకొనిపోయే సేవకుడు ఒకప్పటి బందిపోటు. శిక్ష ముగించుకొని వచ్చిన ఆ మనిషికి బ్రతుకుతెరువు చూపినవాడు భగవాన్ చంద్రుడే. దివిసీమ పల్లెలలో పెరిగిన విద్యార్థికి ఈ బాల్యం పరాయిదిగా తోచదు. అదీ నదులు సముద్రంలో కలిసే సీమే. అక్కడి బడిలోనూ వల పట్టే ఇంటి పిల్లలు ఉండేవారు.

తరువాత కలకత్తాలో హేర్ స్కూలు, సెయింట్ జేవియర్స్ విద్యాసంస్థలు. అక్కడ ఫాదర్ లఫాంట్ చేసి చూపే భౌతికశాస్త్ర ప్రయోగాలు బోస్‌ను ఆకర్షించాయి. 1880లో వైద్యవిద్య కోసం లండను వెళ్ళాడు గాని, విడవని జ్వరం, శవపరీక్ష గదిలోని వాసన ఆయనను ఆ విద్యకు దూరం చేశాయి. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చేరి ప్రకృతిశాస్త్రాలు చదివాడు. లార్డ్ రేలీ వంటి గురువు వద్ద ఓపికతో కొలవడం, కొలిచిన దానిని మరల సరిచూడడం అలవడింది. 1884లో పట్టాలు పొంది, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడయ్యాడు.

అక్కడ ఎదురైన మొదటి అడ్డుగోడ ఇటుకలది కాదు. ఒకే పని చేసే భారతీయునికి ఆంగ్లేయుని జీతంలో మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. బోస్ నియామకం తాత్కాలికం కావడం చేత అందులోనూ సగమే ఆయనకు దక్కేది. ఆయన పాఠం చెప్పడం మానలేదు. జీతం పుచ్చుకోవడం మానాడు. మూడు సంవత్సరాలు ఇలా గడిచాయి. తండ్రి అప్పులు మీద పడి ఉన్న కాలమది. 1887లో వివాహమాడిన అబలాదేవి ఈ ఇబ్బందిని ఆయనతో సమానంగా భరించింది. బెంగాలులో స్త్రీలకు వైద్య కళాశాల ప్రవేశం లభించని రోజులలో, 1882లో మద్రాసుకు వచ్చి వైద్యవిద్య అభ్యసించిన సాహసి ఆమె. చివరకు ప్రభుత్వం దిగివచ్చి, నియామకాన్ని ఖాయపరచి, పూర్తి జీతం మొదటి నుండీ లెక్కగట్టి ఇచ్చింది. ఆ సొమ్ముతో తండ్రి బాకీలు తీరాయి.

విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని గణితంతో ఊహించినవాడు మాక్స్‌వెల్. వాటిని ప్రయోగశాలలో పుట్టించి చూపినవాడు జర్మనీకి చెందిన హైన్‌రిక్ హెర్ట్జ్. వైఫై పెట్టె మీద అచ్చువేసిన గిగాహెర్ట్జ్ అనే మాటలో ఉన్నది ఆయన పేరే. హెర్ట్జ్ 1894 జనవరి 1న, 36 ఏళ్ళకే మరణించాడు. అదే సంవత్సరం నవంబరు 30న తన 36వ ఏడు నిండిన నాడు బోస్ ఇక పరిశోధనకు అంకితం కావాలని నిశ్చయించుకొన్నాడు. మన తార్కికులు శబ్దాన్ని ఆకాశగుణమన్నారు. ఐరోపావారు కాంతిని మోసే ఈథరు అనే సూక్ష్మద్రవ్యాన్ని కల్పించుకొన్నారు. ఈ తరంగాలకు మోసే ద్రవ్యమే అవసరం లేదని తరువాత తేలింది. కాని దారిలో అడ్డువచ్చే ద్రవ్యంతో వాటికి ఎంతో పని ఉన్నదని నిరూపించినవారిలో బోస్ అగ్రగణ్యుడు.

కళాశాలలో ఆయనకు దొరికింది 24 చదరపుటడుగుల గది. సహాయానికి ఒక తగరపు పనివాడు. పరికరాలు స్వంత ఖర్చుతో చేయించుకోవాలి. హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి. ఇంత చిన్న గదిలో అవి మూలలు తిరిగి, గోడల నుండి మరలి వచ్చి, కొలతలను చెడగొడతాయి. అందుచేత బోస్ తరంగదైర్ఘ్యాన్ని రెండున్నర సెంటీమీటర్ల నుండి 5 మిల్లీమీటర్ల వరకు కుదించాడు. నేటి ఇళ్ళలోని వైఫై తరంగాలలో 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గలవి దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, 5 గిగాహెర్ట్జ్‌వి సుమారు 6 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. బోస్ అంతకంటె చిన్న తరంగాలతో, రేడియో అనే మాట వ్యాప్తిలోకి రాకముందే పనిచేశాడు.

1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన చేసిన ప్రదర్శన జగత్ప్రసిద్ధం. సుమారు 75 అడుగుల దూరాన, గోడల కావల ఉంచిన గంటను తీగ లేకుండా మ్రోగించాడు; తుపాకిమందును పేల్చాడు. తరంగాలు దారిలో నిలిచిన లెఫ్టినెంట్ గవర్నర్ మెకంజీ శరీరాన్ని కూడ దాటిపోయాయి. సభికులకు అది ఇంద్రజాలంలా తోచింది.

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహం కలగాలి. ఆనాడు గోడలు దాటి గంట మ్రోగితే, ఈనాడు ఒక్క గోడ దాటి పాఠం రాకపోవడమేమిటి? గంటకు తరంగం చేరిందా లేదా అన్న ఒక్క విషయమే చాలు. వైఫై పెట్టె క్షణానికి కోట్లకొలది అంకెలను పంపవలసి ఉంటుంది. గోడ దాటి బలహీనపడ్డ తరంగంలో ఆ అంకెలను ఒకదాని నుండి ఒకటి వేరుచేయడం కష్టం. అందువల్ల పెట్టె తానే వేగం తగ్గించుకొంటుంది. తప్పిపోయిన భాగాలను మళ్ళీ పంపుతుంది. వెలుతురు చాలనప్పుడు సన్నని అక్షరాల పుస్తకం ప్రక్కనపెట్టి పెద్ద అక్షరాల పుస్తకం తీసినట్టిది ఇది. చదవడం సాధ్యమవుతుంది గాని, పుటకు పట్టే విషయం తగ్గుతుంది. తెరమీద సిగ్నల్ గీతలు కనబడుతూనే వేగం లేకపోవడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

ఏ ద్రవ్యం ఈ తరంగాలను సాగనిస్తుంది, ఏది ఆపుతుంది అన్న విషయంలో బోస్ చేసిన పరీక్షలు మిక్కిలి ఆసక్తికరమైనవి. కంటికి ఏమీ కానరానివ్వని ఇటుక, కీలు వంటివి తరంగాలకు దారి ఇచ్చాయి. కంటికి అద్దంలా కనిపించే నీరు వాటిని మ్రింగివేసింది. లోహపు రేకులు వాటిని వెనుకకు మరల్చాయి. జనుము పీచును మెలిపెట్టి, దాని గుండా పోయే తరంగం కంపించే తలాన్ని త్రిప్పవచ్చునని చూపాడు. రైళ్ళ వేళలు తెలిపే లావాటి పుస్తకంలో పుటల నడుమ తగరపు రేకులుంచి, దానిని ఒక దిశలో పట్టుకొంటే తరంగం సాగిపోవడం, తొంభై డిగ్రీలు త్రిప్పితే ఆగిపోవడం ప్రదర్శించాడు. భౌతికశాస్త్రంలో ధ్రువణం అనబడే విషయమిది. వైఫై పెట్టె కొమ్ములను నిలువుగా ఉంచినప్పటికీ పడుకోబెట్టినప్పటికీ తేడా రావడంలో ఈ ధ్రువణానికి కూడ పాత్ర ఉన్నది.

ఈ ఫలితాలను దిగువ కృష్ణా ఇళ్ళకు అన్వయిస్తే లోపాలు చాలావరకు కంటికి కనబడతాయి. పెట్టె ప్రక్కనే ఇనుప బీరువా ఉంటే తరంగం అటు పోదు. నిలువుటద్దం వెనుక పూత కూడ లోహమే. నీళ్ళ డ్రమ్ము, చేపల తొట్టి, వానాకాలంలో చెమ్మ పీల్చిన గోడ తరంగాన్ని హరిస్తాయి. ఎండాకాలంలో అందిన సిగ్నల్ శ్రావణ భాద్రపదాలలో తగ్గినట్లు తోస్తే అది భ్రమ అని కొట్టివేయరాదు. స్లాబులోని ఇనుపచువ్వల వల సంగతి చెప్పనక్కరలేదు. మేడ మీది గదికి క్రింది అంతస్తు పెట్టె చాలకపోవడానికి అదొక కారణం.

నీటికీ తరంగానికీ గల ఈ సంబంధమే మచిలీపట్నంలో మరొక రూపంలో కనిపిస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయిన వార్త బయటి ప్రపంచానికి ఆలస్యంగా చేరింది. తరువాతి కాలంలో మచిలీపట్నంలో నెలకొల్పిన డాప్లర్ వాతావరణ రాడార్ సుమారు 10 సెంటీమీటర్ల తరంగాలను ఆకాశంలోకి పంపి, వానచినుకుల నుండి మరలివచ్చిన స్వల్పాంశాన్ని పట్టుకొని తుపాను జాడ చెబుతుంది. తరంగం మరీ చిన్నదైతే దగ్గరి వానలోనే క్షీణించి దూరపు తుపానును చూపలేదు. ఇంటిలోనూ ఇదే న్యాయం. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంలో మిన్న, గోడ దాటడంలో వెనుకంజ. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం వేగంలో తక్కువైనా దూరం పోగలదు.

అయితే బోస్ ప్రతిభ ద్రవ్యాల జాబితా తయారుచేయడంలో లేదు. పరికరం సరిగా పనిచేయనప్పుడు ఆయన అనుసరించిన క్రమంలో ఉన్నది. మొదట పంపే పరికరాన్ని పరిశీలించాడు. విద్యుత్‌కణాలు ఎగసే లోహపు గుండ్లు వాడుకలో గరుకెక్కి తరంగాలు నిలకడ తప్పుతున్నాయని గ్రహించి, ప్లాటినం వాడాడు. పంపే పరికరం నుండి అక్రమంగా బయటకు ప్రసరించేది స్వీకరించే పరికరాన్ని తప్పుదారి పట్టిస్తున్నదని గమనించి, దానిని లోహపు పెట్టెలో బంధించాడు. పిదప స్వీకరించే పరికరం వంతు. ఆనాడు ఐరోపాలో లోహపు రజను నింపిన కొహెరర్ అనే గొట్టం వాడేవారు. అది ఒకసారి అతిగా స్పందించేది, మరొకసారి మొద్దుబారేది. ప్రతి సంకేతం తరువాత దానిని తట్టి లేపవలసి వచ్చేది. కలకత్తా వేడిలో, చెమ్మలో రజను మరింత మొరాయించేది. బోస్ రజనును తొలగించి సన్నని ఉక్కు స్ప్రింగులను వరుసగా పేర్చాడు. వాటి మీద ఒత్తిడిని మరతోను, వాటిలో ప్రవహించే విద్యుత్తును వేరొక అమరికతోను కొద్దికొద్దిగా మార్చుకొనే వీలు కల్పించాడు. దిగుమతి చేసుకొన్న పరికరం మన వాతావరణానికి ఒదగకపోతే వాతావరణాన్ని తిట్టక పరికరాన్ని మార్చిన ఈ ఉదంతం ఆయన జీవితంలో తరచుగా కీర్తించే గంట ప్రదర్శన కంటె తక్కువది కాదు.

ఈ క్రమాన్నే గృహస్థుడు పాటించవచ్చు. మొదట పెట్టెకు కంప్యూటరును తీగతో కలిపి వేగం కొలవాలి. అక్కడే తక్కువగా ఉంటే లోపం బయటి లైనులోనో పెట్టెలోనో ఉన్నట్టు. గోడలను నిందించి లాభం లేదు. వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, దస్త్రాలను మెగాబైట్లలో కొలుస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 100 మెగాబిట్ల కనెక్షన్‌పై క్షణానికి పన్నెండున్నర మెగాబైట్లకు మించి రావు. తీగతో సరిగా వచ్చిన వేగం అదే గదిలో తీగ లేకుండా కూడ వస్తున్నదా చూడాలి. ఆపై గది గదికీ పోయి కొలవాలి. సాయంకాలం అందరూ వాడే వేళ కొలిచినదానిని తెల్లవారుజామున కొలిచినదానితో పోల్చరాదు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కనుక, ఒక్కొక్కటే మార్చి కొలవాలి.

పెట్టెను నేల మీది నుండి, టీవీ వెనుక నుండి తీసి ఇంటి నడుమ, కొంచెం ఎత్తున ఉంచడం ఖర్చులేని చికిత్స. గుడివాడ అపార్టుమెంటు వంటి చోట 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి, ఆరు, పదకొండు అనే ఛానళ్ళు ఒకదానిపై ఒకటి పడవు. పొరుగువారు తక్కువగా వాడేదానిని ఎంచుకోవాలి. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ దాదాపు అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది కనుక, అది నడిచే వేళ ఆ ఛానళ్ళు చెదరడం సహజం. ఒక్క ఫోనులోనే వేగం తగ్గి, తక్కినవాటిలో బాగుంటే లోపం స్వీకరించేచోట ఉన్నది. మందపాటి గోడ కావలి గదికి తీగ లాగి రెండవ పెట్టె పెట్టడం ఉత్తమం. సిగ్నల్‌ను మధ్యలో అందుకొని తిరిగి పంపే సాధనాలను కొందరు సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. అందనిదానిని అది మాత్రం ఎలా అందుకొంటుంది? సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోటనే దానిని ఉంచాలి.

బోస్ 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈ పరిశోధనలను ప్రదర్శించి మన్ననలు పొందాడు. 1899లో ఇనుము, పాదరసాలతో, తట్టనవసరం లేకుండా తానే కోలుకొనే గ్రాహకాన్ని టెలిఫోనుతో జోడించి రాయల్ సొసైటీకి నివేదించాడు. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రం ఆవలి సంకేతాన్ని అందుకొన్న పరికరం దీని మార్పురూపమేనని కొందరు చరిత్రకారులు తరువాత సప్రమాణంగా వాదించారు. అదే సంవత్సరం మే నెలలో ఒక పెద్ద తంతి సంస్థ యజమాని పేటెంటు కోసం బోస్‌ను ఆశ్రయించగా ఆయన నిరాకరించాడు. ధనతృష్ణ తనను చుట్టుకొంటుందన్న భయాన్ని మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూరుకు లేఖలో తెలిపాడు. స్నేహితుల ఒత్తిడిపై, ముఖ్యంగా సారా బుల్, సోదరి నివేదితల పట్టుదలపై, గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి అమెరికా పేటెంటు 1904 మార్చి 29న లభించింది. అర్ధవాహక పరికరానికి లభించిన తొలి పేటెంటుగా దానిని పేర్కొంటారు. నేటి ఫోనుకు ప్రాణం అర్ధవాహకాలే. బోస్ మాత్రం దాని నుండి లాభం ఆశించలేదు. ఈ నిరాకరణను త్యాగంగా కొనియాడడం అలవాటైపోయింది. అది త్యాగమే, కాని ఆ పరికరాలు పరీక్షాశాల దాటి పరిశ్రమ కాకపోవడంలో దానికీ కొంత పాలు ఉన్నదని చెప్పక తప్పదు.

విరామం లేకుండా వాడితే గ్రాహకం మందగించడం, కొంతసేపు విశ్రాంతినిస్తే మళ్ళీ చురుకుదనం పొందడం బోస్‌ను ఆశ్చర్యపరిచింది. లోహం అలసిపోతుందా? ఈ ప్రశ్న ఆయనను భౌతికశాస్త్రం నుండి జీవశాస్త్రంలోకి నడిపించింది. లోహపు తీగ, కండరం, మొక్క ఆకు ఉద్దీపనకు ఒకే తీరున స్పందిస్తాయని 1900లో పారిస్ మహాసభలో వివరించాడు. మరుసటి యేడు లండనులో శరీరధర్మ శాస్త్రజ్ఞుడు బర్డన్ శాండర్సన్ తీవ్రంగా ప్రతిఘటించాడు. ఆయన ప్రతిపాదనలలో కొన్ని నేటికీ వివాదాస్పదాలే. నేటి వైఫై పెట్టెను ఆపి మళ్ళీ వేస్తే చురుకుగా పనిచేయడాన్ని ఈ అలసటతో పోల్చాలన్న కోరిక పుడుతుంది. కాని అక్కడ జరిగేది లోహపు విశ్రాంతి కాదు, జ్ఞాపకాలు నిండి చిక్కుపడ్డ చిన్న కంప్యూటరు మొదటి నుండి మొదలుపెట్టడం. పోలికను అంతకు మించి సాగదీయరాదు.

1915లో ఉద్యోగ విరమణ చేసిన బోస్ 1917లో, తన పుట్టినరోజైన నవంబరు 30న, కలకత్తాలో విజ్ఞాన మందిరాన్ని స్థాపించాడు. అది జాతీయ విద్య కోసం దేశం తపించిన కాలం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలతో వేడెక్కిన బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. శాస్త్రవిద్యకూ చేతిపనికీ మధ్య గోడ ఉండరాదన్న ఆశయం రెండు చోట్లా ఒక్కటే. విజ్ఞాన మందిరంలో మొక్కల ఎదుగుదలను వేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫు వంటి సున్నిత పరికరాలు భారతీయ పనివారి చేతుల మీదుగానే తయారయ్యాయి. 1920లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. 1937 నవంబరు 23న గిరిడీలో బోస్ కన్నుమూశాడు.

2012లో అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ, 1894-96 మధ్య ఆయన చేసిన ప్రయోగాలను సాంకేతిక చరిత్రలో మైలురాయిగా గుర్తించింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసే కొత్త వైఫై ప్రమాణం కూడ వెలువడింది. దాని తరంగాల పొడవు 5 మిల్లీమీటర్లు. బోస్ ఆ ఇరుకు గదిలో పుట్టించిన తరంగాల కొలతే అది. వేగంలో దానికి సాటి తక్కువ. గోడ అడ్డువస్తే మాత్రం దాదాపుగా ఆగిపోతుంది కనుక, ఆ పెట్టెను వాడేవారు తాము కూర్చునే గదిలోనే ఉంచుకోవలసి ఉంటుంది.